అయిదో గడి

పరకాల పశువుల దవాఖాన రిజిస్టరులో
ఎనిమిది గడులు.
తేదీ, యజమాని, ఊరు, పశువు,
జాతి, బరువు, రోగం, మందు.
పదకొండేండ్లుగా అయిదో గడిలో
నా చెయ్యి ఒకటే మాట రాస్తోంది:
నాటు.
బర్రె వస్తే నాటు, మేక వస్తే నాటు,
కుక్క వస్తే అడగను కూడా అడగను.

కార్తీకం చలి. రాత్రి ఎనిమిదిన్నర.
భూపాలపల్లి బొగ్గు లారీలు పోతుంటే
కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతున్నాయి.
నడికూడ బీరయ్య
గొంగడిలో ఏదో మోసుకొచ్చాడు.
విప్పితే ముందు కాళ్లు,
కాళ్లన్నీ అయిపోయాక కుక్క.
సన్నటి మూతి, వంగిన వీపు,
బట్ట చిరిగిన గొడుగులా తేలిన పక్కటెముకలు.
పేరు కూడా సువ్వే.

గొర్ల దొడ్డి కాడికొచ్చిన అడవిపంది
కోరతో తొడ చీరింది.
లోపల తెల్లగా ఎముక.
కుట్టాలి. కుట్టాలంటే పడుకోబెట్టాలి.

ఇరవై రెండు కిలోలు.
గోడ మీది చార్టులో
నా వేలు గీత వెంబడి పోయి ఆగింది.
సిరంజిలోకి మందు ఎక్కుతుంటే
బీరయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.
పట్టుకున్నాక తనే భయపడి వదిలాడు.

"సారూ, గంత వద్దు.
మిల్లు సేటు కుక్కకు ఒంటినిండ కొవ్వు,
మత్తు పోయి అండ్ల దాసుకుంటది.
దీనికి దాసుకునే జాగ యాడున్నది?
నెత్తురులనే తిరుగుతది,
తిరిగి తిరిగి గుండెకాడికే వస్తది.
దీని తల్లి గట్లనే పన్నది. లేవలే."

ఎప్పుడు, అన్నాను.

"నాలుగేండ్లాయె. గీ బల్ల మీదనే."

కోపంగా అనలేదు.
వాన ఎప్పుడు పడ్డదో చెప్పినట్టు చెప్పాడు.

మందు సగం పిచికారీ చేశాను, నేల మీదికి.
మిగిలిన సగంలో సగమే ఎక్కించాను,
చుక్క, ఆగి, మరో చుక్క.
గాయం చుట్టూ తిమ్మిరి సూది వేశాను.
ఒళ్లు చల్లబడుతోంది,
ఆ చర్మం కింద చలికి అడ్డమేమీ లేదు.
బల్ల మీద గొంగడి వద్దని
ఎందరిమీదో కసిరినవాణ్ని,
నేనే తీసి కప్పాను.

నేను కుడుతున్నాను,
బీరయ్య ఊపిరి లెక్కపెడుతున్నాడు,
పొద్దుగూకి దొడ్లోకి గొర్లను తోలేటప్పటిలా
జతలు జతలుగా:
రెండు, నాలుగు, ఆరు...
ఒక ఊపిరి రాలేదు.
లెక్క ఆపి నిలబడ్డాడు,
ఒక గొర్రె గట్టు మీదనే ఉండిపోయినట్టు.
నా సూది గాలిలో ఆగింది.
వచ్చింది.
ఎనిమిది, అన్నాడు.

అది పడుకున్న రెండు గంటల్లో
బీరువా నుంచి పాత రిజిస్టరు దించాను.
బీరయ్య, నడికూడ, కుక్క,
నాటు, ఇరవై నాలుగు కిలోలు.
చివర ఎర్ర సిరాతో: చనిపోయినది.
చార్టుతో సరిచూశాను.
డోసు సరైనదే. లెక్క తప్పలేదు.
కుక్కే లెక్కలో లేదు.

పుస్తకంలో ఆ పేరా ఉంది.
రాజేంద్రనగర్‌లో పరీక్షకు చదివాను కూడా.
పందేల్లో ఉరికే సీమకుక్కల సంగతనుకున్నాను,
నడికూడ గట్ల మీద
కుందేళ్ల వెంట ఉరికేది కూడా
అదే ఎముక, అదే నెత్తురని
ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

పదకొండున్నరకు తోక కొన కదిలింది.
ఇంకా కళ్లు తెరవకముందే
నాలుగు కాళ్లూ దేని వెంటో ఉరుకుతున్నాయి.

బీరయ్యా, దీని జాతినేమంటరు?
"జాతేంది సారూ? ఉరుకుడు కుక్క."

రాశాను.
పాత రిజిస్టరులోనూ నాటు కొట్టేసి
పైన అదే మాట రాశాను.
కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉండాలని రూలు.
నేనే పెట్టాను, ఈ రోజు తేదీతో.
ఆడిటుకు వచ్చినవాడు ఇదేమిటని అడిగితే
ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

వాకిట్లో గొంగడి భుజానికెత్తుకుని
వెనక్కి తిరిగాడు బీరయ్య:
"కుట్లెప్పుడు ఇప్పుతరు?"
పది రోజులకు, అన్నాను.
"అప్పటిదాంక దీన్ని ఉరకకుంట ఆపుడెట్ల?"